ఆఖరున వేసేది ఉప్పు

సింగరాయకొండ రైలు గేటు అవతల
మూతబడిన పొగాకు బ్యారన్‌లో
మా షాంపూ కంపెనీ.
కంపెనీ అంటే ఏముంది,
రెండు నీలం డ్రమ్ములు, ఒక తెడ్డు, ఒక కాటా,
హజరత్తయ్య గారి ముక్కు, నా చేతులు.
వానొచ్చిన రోజు గోడలు
ఇప్పటికీ పొగాకు వాసనే కొడతాయి.
మల్లెపూల సెంటు ఎంత పోసినా
అవి మాత్రం ఒప్పుకోవు.

మద్రాసు నుంచి తెల్లటి జిగురు వస్తుంది.
సోడియం లారెత్ సల్ఫేటు.
మొదట్లో "లారీ సల్ఫేటు" అనేదాన్ని,
లారీలో దిగేది గదా అని.
ఇంకోటి పసుప్పచ్చగా, పల్చగా ఉంటుంది,
కొబ్బరి నూనె నుంచి తీస్తారంట.
మొదటిదాని దురుసుతనం తగ్గించడానికి
ఇది పక్కన ఉండాలి.

అది ఎట్టా పనిచేస్తుందో
సిగరెట్టు అట్ట మీద గీసి చూపించాడాయన.
గుండ్రటి తల, సన్నటి తోక,
అచ్చం రొయ్యపిల్ల.
"తలకి నీళ్ళంటే ప్రాణం, తోకకి జిడ్డంటే ప్రాణం.
నీళ్ళలో పడ్డాయా, తోకలన్నీ లోపలికి దాచుకోని
తలలు బయటికి పెట్టి గుండ్రంగా చేరతాయి.
జిడ్డు మధ్యలో ఇరుక్కుంటది.
చెంబుడు నీళ్ళు పోస్తే పోతది."

నాకు అర్థమైంది,
ఆయన అనుకున్నట్టు కాదు.

బింగినపల్లి ఉప్పు మళ్ళ గట్టు మీద
మిట్టమధ్యాహ్నం
సముద్రం గాలికి వీపులిచ్చి
గుండ్రంగా కూచునేవాళ్ళు మా అమ్మా వాళ్ళు.
మధ్యలో సద్ది గిన్నెలు, గోంగూర, పచ్చిమిరపకాయలు.
ఇసక రేణువును కూడా
లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు.
నాకప్పుడు ఆరేళ్ళు.
ఆ వీపుల లోపల
గిన్నెల పక్కన
నేనుండేదాన్ని.

కనిగిరి కొట్టువాళ్ళకు మా సరుకంటే ఇష్టం.
అక్కడి బోరు నీళ్ళకు సబ్బు విరిగిపోయి
తెల్లగా తేలుతుందంట,
మాది విరగదు.
"నురగ ఇంకొంచెం" అని రాసి పంపిస్తారు ప్రతిసారీ.
నురగకీ మురికికీ సంబంధం లేదంటాడు హజరత్తయ్య,
నురగ కళ్ళ కోసం అంటాడు,
అంటూనే ఇంకో కిలో తూకమేస్తాడు.

ఏ జిడ్డు పోవాలో ఏ జిడ్డు ఉండాలో
దానికి తెలీదు.
నా వేళ్ళ సందుల్లో చర్మం
ఉల్లిపొరలాగా లేస్తుంది.
రాత్రిళ్ళు అమ్మ పక్కన పడుకోని
ఆమె మడమల పగుళ్ళకీ
నా వేళ్ళకీ
ఒకే డబ్బాలో ఆముదం.

ఇంతా కలిపినా డ్రమ్ములో నీళ్ళలాగే ఉంటుంది.
పల్చటి షాంపూని ఎవరూ నమ్మరు.
అందుకని ఆఖరున ఉప్పు.
పిడికెడు, తిప్పు. పిడికెడు, తిప్పు.
ఉన్నట్టుండి తెడ్డు బరువెక్కుతుంది,
పుట్టతేనె.
అక్కడ ఆగాలి.

మొన్న నేను ఆగలా.
రెండు పిడికిళ్ళు ఎక్కువ పడింది.
కళ్ళ ముందే తేనె జారిపోయి
రెండొందల లీటర్లు
ఉత్త కుడితి.
హజరత్తయ్య తిట్టలేదు,
కాగితం మీద నా మూడు వారాల కూలి
లెక్కేసుకున్నాడు.

అన్నం క్యారేజీతో అప్పుడే వచ్చింది అమ్మ.
డ్రమ్ములోకి చూసింది.
నా మొహంలోకి చూసింది.
నేరుగా పోయి ఉప్పు బస్తా మూతి విప్పి
నాలుగు రాళ్ళు నాలిక మీద వేసుకుంది.
ఇరవై ఆరేళ్ళు ఉప్పు పండించిన నాలిక.

"యాడిదయ్యా ఇది?"
బస్తా మీద ఏదో దూరపు ఊరి పేరు,
ఆయన చదివి చెప్పాడు.

"చేదునీళ్ళు తియ్యకుండానే గోకేశారు.
ఎవురో తొందరపడ్డారు."
బయటికి పోయి ఉమ్మేసి వచ్చింది.

తర్వాత నేల మీద అన్నం గిన్నెలు పరిచింది,
మూడు.
తలుపులోంచి గాలి కొడుతుంటే
దానికి వీపిచ్చి కూచుంది.
ఎందుకో హజరత్తయ్య కూడా
కాగితం మడిచి జేబులో పెట్టుకోని
ఆమె పక్కన
అట్టాగే కూచున్నాడు.